పడదు

మన భాషలో ఒక చిన్న మాట ఉంది.
వంకాయ పడదు, ఏసీ గాలి పడదు,
మా ఆవిడకీ వాళ్ల వదినకీ పడదు.
ఈ మాట విని విని అరిగిపోయిన చెవులకి
రుషితకి పల్లీలు పడవని చెబితే
దురదల సంగతేమో అనుకుంటారు.

నల్లకుంటలో నాది జిరాక్స్ షాపు.
పక్కనే యాదగిరి టిఫిన్ బండి.
పొద్దున్నే పల్లీలు వేగే వాసన
షట్టర్ కిందనుంచి నాకంటే ముందు లోపలికి పోతుంది.
ఇడ్లీకి పల్లీ చట్నీ, దోశకి పల్లీ చట్నీ,
దావత్‌కి పోతే మిర్చీ సాలన్‌లో నువ్వులతో కలిసి అదే పల్లీ.
ఈ ఊళ్లో ఏ పులుసు చిక్కగా ఉన్నా
లోపల ఎవరో దాక్కున్నట్టే.
పాతికేళ్లు ఆ వాసనే నాకు తెల్లవారడం.
ఇప్పుడది కాపలా.

మూడేళ్ల కింద, ఉప్పల్లో బారసాల.
మా మేనత్త, చెయ్యి పెద్దది, మనసు ఇంకా పెద్దది,
"జరంత తింటే ఏం గాదు బిడ్డా, దేవుని పులిహోర" అని
పల్లీలన్నీ ఒక్కొక్కటే ఏరేసి మరీ పెట్టింది.
పల్లీ పోయింది.
పల్లీ వేగిన నూనె పోలేదు.

పది నిమిషాలు పట్టలేదు.
పెదవి ఉబ్బింది, గొంతులో సన్నగా ఈల.
దిష్టి తగిలింది, ఎండుమిరపకాయలు తెమ్మన్నారొకరు.
నీళ్లు తాగించమన్నారొకరు.
వీడియో తీసే కుర్రాడు తీస్తూనే ఉన్నాడు.
గేటు బయట దొరికిన ఆటో అతను
హబ్సిగూడ సిగ్నల్‌ని చూడనట్టే దాటేశాడు,
"సోనా నక్కో బేటా, సోనా నక్కో" అంటూ దారి పొడుగునా.
అతని పేరు అడగడం మర్చిపోయాను.

తొడలోకి సూది.
కాసేపటికి ఊపిరి తిరిగొచ్చింది,
చల్లబడ్డ మిషన్ మళ్లీ వేడెక్కి
మొదటి కాగితాన్ని లోపలికి లాక్కున్నట్టు.
మంచం పక్కన నేలమీద కూర్చుని మేనత్త
"ఏరేసిన కదరా" అంటూనే ఉంది.
కోపం రాలేదంటే అబద్ధం.
కొసరి కొసరి పెట్టడమే ప్రేమని పెరిగిన మనిషి,
పెట్టకపోవడం ఎప్పుడు నేర్చుకుంటుంది?

ఆ వారం టోనర్ అయిపోయేదాకా కొట్టాను.
ఒకవైపు తెలుగు, రెండోవైపు ఉర్దూ.
ఉర్దూ ముక్క పాన్ డబ్బా ఇస్మాయిల్ రాసిచ్చాడు.
*తాకిన గరిటె కూడా వద్దు.
ఉబ్బినా, ఆయాసమొచ్చినా ఇంటి వైద్యం వద్దు.
వెంటనే 108.*
ఫంక్షన్ హాలు మేనేజరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.
ఒకాయన ఖాళీ జాగాలో కూరగాయల లెక్క రాసుకున్నాడు.
స్కూల్లో పెద్దసారు అడిగారు:
"ఒక్క పిల్ల కోసం రెండొందలమందికి చిక్కీ ఆపాలా?"
నేను జవాబు చెప్పలేకపోయాను.
ఒకటి చాలా చిన్న అంకె,
మనింట్లోది కాకపోతే.

యాదగిరికి చదువు రాదు.
కాగితం అటూ ఇటూ తిప్పి "ఏం రాసినవన్నా" అన్నాడు.
చెప్పాను. ఏమీ అనలేదు, పెనం మీద నీళ్లు చల్లుకున్నాడు.
మూడోరోజు బండి చివర, మిగతావాటికి దూరంగా,
మూతతో ఒక చిన్న గిన్నె. అల్లం చట్నీ.
తన మణికట్టు దారం విప్పి
ఆ గరిటెకి కట్టాడు, ఎర్రగా.

నిన్న ఎవరో కుర్రాడు తొందరలో
ఆ గరిటెని పల్లీ చట్నీలో ముంచితే
యాదగిరి అరిచిన అరుపుకి
ఎదురు మెడికల్ షాపు నుంచి మనుషులు బయటికొచ్చారు.
ఇరవై ప్లేట్ల చట్నీ మోరీలో పారబోసి,
గిన్నె రెండుసార్లు తోమి,
మళ్లీ అల్లం తరగడం మొదలుపెట్టాడు.
బోణీ కూడా కాలేదింకా.

రుషితకిప్పుడు తొమ్మిదేళ్లు.
బ్యాగులో పెన్సిల్ డబ్బా పక్కన సూదిమందు.
బర్త్‌డేల్లో అందరూ కేకు మీది పువ్వు కోసం కొట్టుకుంటుంటే
ఇది మాత్రం వంటింటి గుమ్మందాకా పోయి
"ఇందులో ఏమేం వేశారాంటీ?" అంటుంది.
"ఏం, పడదా అమ్మా?"
"పడకపోవడం కాదాంటీ. ఊపిరి ఆగిపోతుంది."
చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది.

ఆవిడ చెత్తబుట్టలోంచి కేకు అట్టపెట్టె బయటికి తీసి,
చిన్న అక్షరాల వైపు తిప్పి,
కళ్లజోడు ఎక్కడ పెట్టానా అని
వెతుక్కుంటోంది.