చెరో పక్క నాలుగంగుళాలు

అమ్మినాయన మైలేజీ చెప్పిండు,
ఏసీ వేసి చూపిండు, టైర్లు తన్ని చూపిండు.
వెడల్పు ఎవ్వరూ చెప్పరు.
నా మెడల టేపు ఉండనే ఉన్నది.
బండి నడుము డెబ్బయి.
ఇంటికొచ్చి గేటు కొలిస్తే డెబ్బయెనిమిది.
చెరో పక్క నాలుగు.
బ్లౌజుకైతే నాలుగంటే మస్తు వదులు,
భుజం మీద నిలవదు.
ఇనుముకు నాలుగంటే
ఊపిరి బిగబట్టుడే.

అడిక్‌మెట్ గల్లీల ఈ రేకుల షెడ్డు
మా నాయన లూనా కోసం కట్టించిండు.
తర్వాత నా స్కూటరు, పాత మిషను, కట్‌పీసుల మూటలు,
ఓ ఎండకాలం ఈనిన పిల్లి.
దీంట్లకు ఇన్నోవా అంటే
ముప్పయ్యారు బనీన్ల
నలభైనాలుగు మనిషి.
ఎందుకు కొన్నవయ్యా అంటే, ఆరు బడుల యూనిఫారాలు.
ఆటోల వేస్తే తార్నాక దాటకముందే
ఇస్త్రీ అంతా నలిగిపోతది.

మొదటిరోజు
అద్దాలు మడిచిన.
చెవులు ముడుచుకున్న దున్నపోతులెక్క నిలబడ్డది బండి.
ఇంక నాకు వెనక లేదు, పక్కలు లేవు,
ఎదురుంగ చంద్రకళ ఉన్నది, చేతిల పప్పుగంటె.
రా. రా. రా. ఎడమకు. ఎడమకంటే వినవడదా.
ఆమె ఎడమనా, నా ఎడమనా?
ఇరవై ఎనిమిదేండ్ల సంసారంల తేలని లెక్క
ఆ చడావు మీద, సగం క్లచ్చు మీద
ఇప్పుడే తేలాలె.
మేడ మీద మొయిజ్ భాయ్ పావురాలనిడిసి
ఆనే దో, ఆనే దో అంటడు.
సమోసాల పిలగాడు బుట్ట కిందపెట్టి ఇంకో దిక్కు చూపిస్తడు.
గల్లీ మొత్తానికి డ్రైవింగు వచ్చు.

కిర్ర్...

కుడి తలుపు మీద జానెడు గీత.
ఎవ్వరూ మాట్లాడలే.
సమోసాల పిలగాడు బుట్ట ఎత్తుకుని పోయిండు.

రాత్రంతా నిద్ర పట్టలే.
కత్తెర కంటే ముందు సుద్ద కదా.
నలభయ్యేండ్ల చెయ్యి ఆ మాట ఎట్ల మరిచింది?

తెల్లారంగ సుద్దముక్క పట్టుకుని వంగిన.
ఎడమ చక్రం నడిచే గీత,
కోటు వీపుకు గీసినంత తిన్నగ.
గేటు స్తంభాలకు మిగిలిపోయిన భుజాల ప్యాడ్లు అంటించిన.
రేకుల సందుల నుంచి నల్లదారం వేలాడదీసి
కొసకు ఓ కోటుగుండీ కట్టిన.
గుండీ ముందటి అద్దానికి తాకితే ఆగాలె,
ఇంకో జానెడు పోతే గోడ.

సూదిని ఎవ్వడూ తిప్పడు, బట్టనే తిప్పుతరు.
బండిని గల్లీలనే తిప్పుకోవాలె,
చక్రాలు సరైనంకనే గేటు.
లోపల్లోపల దిద్దుకుంటనంటే
కుట్టు వంకర పోయినట్టే.
ఇంకోటి,
లోపల షెడ్డు ఎనభైనాలుగు.
ఎడమ గోడకు మూడు వదిలితే
నా దిక్కు పదకొండు మిగులుతది.
సమానంగ పంచితే దిగనీకి తోవ ఉండదు.
చంద్రకళను, కూరగాయల సంచిని
బయటనే దింపాలె.

రెండో మలుపు. గీత. ప్యాడు కూడా తాకలే.
టక్.

ఇంజను ఆపిన.
వేడి తగ్గుకుంట బండి టిక్కుటిక్కుమంటది.
గుండీ ఇంకా ఊగుతున్నది.
వెంటనే దిగబుద్ధి కాలే.
దుకాణానికొచ్చిన ప్రతి తల్లికీ ఒకటే చెప్పిన ఇన్నేండ్లు:
పెరిగే పిలగాడమ్మా,
లోపల రెండంగుళాలు మడత ఉంచుతున్న,
వచ్చే ఏడు విప్పుకోండ్రి.
లూనాకు మూరెడు జాగ చాలు.
ఏడడుగుల షెడ్డు ఎందుకు కట్టించిండు మా నాయన?
మేస్త్రి నవ్విండంట, అమ్మ చెప్పేది,
ఆయన మాత్రం ఏం జవాబు చెప్పలేదంట.
గోడ మీద చెయ్యి పెట్టిన.
సున్నం చల్లగ ఉన్నది.

ఉన్నవా, ఇరుక్కున్నవా?
గేటు బయట చంద్రకళ.

వస్తున్న అని
పొట్ట లోపలికి గుంజుకున్న.