పేకలోకి రాని దారం

బరంపురం పెద్దాసుపత్రి, మూడో అంతస్తు.
బోర్డు ఒడియాలో, ఫారం ఇంగ్లీషులో,
భయం మాత్రం తెలుగులో:
"ఎంత తీస్తావమ్మీ?"
"రెండు చెంచాలు."
"మొన్నా తీసేరు కదా."
"అది మీ కోసం. ఇది చదువు కోసం."

కోరాడ బైరాగి, అరవై ఒకటి,
పట్టుమగ్గాలకి జాల కట్టే మనిషి.
గుండెపోటొచ్చి పదకొండు రోజులు.
ఉప్పు మానమన్నారంట.
అప్పడాలెండే వీధిలో
గాలిక్కూడా ఉప్పుంటాది, ఏటి మానీది, అంటాడు.

ఏం చదువని అడిగాడు.
తడుముకుంటూ చెప్పాను:
కణం లోపల పెద్ద పుస్తకం ఉంది మావయ్యా,
ఒళ్లు అల్లే మాటలు అందులో నూటికి రెండు.
మిగతాదంతా చెత్తనుకున్నారు మా ముందువాళ్లు.
ఆ చెత్తలోంచే చీటీలు బయల్దేరతాయి,
కొన్ని మరీ చిన్నవి, ఇరవై రెండక్షరాలు.
అవి దేన్నీ తయారు చెయ్యవు.
ఇంకో చీటీని పట్టుకుని నోరు మూయిస్తాయి, అంతే.
ఒకటి పెచ్చుమీరితే
దెబ్బతిన్న గుండె మీద మచ్చ గట్టిపడుతుంది.
ఒకటి తగ్గితే
రక్తనాళం గోడ కొవ్వుకి దారిస్తుంది.

ఆయన నవ్వలేదు.
సెలైను గొట్టాన్ని రెండు వేళ్లతో మీటి చూసి,
"జాల దారమూ అంతే.
చీరలోకి రాదు, కట్టుకున్నావిడకి తెలీదు.
అది లాగిన పోగు లేస్తాది, ఒగ్గేసింది తొంగుంటాది.
అంచు మీద కుంభం నిలబడ్డాదంటే
దాని చలవే.
నలభై ఏళ్లలో ఏ చీరలోనూ
నా దారం ఒక్కటి లేదు."

కాసేపాగి,
"మరి నా చీటీలేటంటన్నాయి?"

అదే చెప్పలేను.
మీకు రిపోర్టు రాదు.
మాకు మీరు బి-సున్నా-నలభై ఏడు,
నూట ఎనభై మందిలో ఒకరు.
తప్పు ముడి ఎక్కడుందో తెలిసేసరికి...

"అప్పటికి వేరే చీర మగ్గం ఎక్కుతాది," అన్నాడు,
కూలి లెక్క చూసుకునే గొంతుతో.

గొట్టాన్ని మంచులో పెట్టాను.
వట్టి వేలు తగిలినా చాలు,
చర్మం మీదున్నదేదో ఆ అక్షరాల్ని కొరికేస్తుంది.
అందుకే రెండు జతల గ్లౌజులు.
అందుకే ఆయన చెయ్యి వెచ్చగా ఉందో చల్లగా ఉందో
నాకు తెలీదు.

కరెంటు పోయింది.
జనరేటరు అందుకునేలోపు
ఫ్రీజరు మైనస్ డెబ్బై తొమ్మిది, డెబ్బై ఎనిమిది,
అంకెలు వల్లిస్తూ మెట్లెక్కాను.

సాయంత్రం దిగేటప్పుడు చూశాను:
కేసు కాగితం వేలాడే దారం తెగినట్టుంది,
కళ్లు కిటికీ మీద,
ఎడం చేత్తో,
ముడి వేస్తున్నాడు.