క్లాంపు కింద

గాజులమండ్యంలో మా ఆఫీసు మిద్దె మీద
దక్షిణం తట్టు మొహం పెట్టుకొని
రెండేళ్ళుగా పడుకున్నాయి పద్నాలుగు పలకలు.
చిత్తూరు సామిల్లులో రాలిన మామిడి పొట్టు సగం,
తిరుపతి పారేసిన పాల కవర్లూ షాంపూ డబ్బాలూ సగం.
కొయ్యా కాదు, ప్లాస్టిక్కూ కాదు.
ఏ కులమని అడిగితే
రిజిస్టరులో ఉన్నది ఒక అంకె మాత్రమే.

కింద గదిలో మిషనుంది.
దీపమే దానికి సూర్యుడు, పైపే వాన.
రెండు వేల గంటలు కాల్చి, తడిపి
"ఏమీ కాలేదు" అని కాగితం కక్కింది.
ఓనరు చెంగల్రాయులు దాన్ని ఫ్రేము కట్టించాడు.

మిద్దెకు చదవడం రాదు.
మే నెలలో గచ్చుకు చెప్పులు అంటుకుపోతాయి.
నవంబరు వాయుగుండం మూడు రాత్రులు ఆగకుండా కురుస్తుంది.
కోసిన అంచుల్లోంచి నీళ్ళు తాగి
పొట్టు ఉబ్బుతుంది, ప్లాస్టిక్కు ఉబ్బదు,
ఇద్దరి మధ్యా వెంట్రుకంత చీలిక.
ఇలాంటి కాపురాలు మా వీధిలోనూ రెండున్నాయి.

నెలకోసారి నిచ్చెన ఎక్కుతాను.
వేలితో రుద్దితే సున్నంలా పొడి రాలుతుంది.
తూకం, మందం, వంచితే తట్టుకునే బలం,
అన్నీ తగ్గుతూనే ఉన్నాయి.
ఏడో నంబరే మొండిది.

ఎందుకో నాకు తెలుసు.
దాని మూట ఏరింది కుప్పమ్మ.
కవరును చెవి దగ్గర నలిపి
కరకరమంటే ఇటు, గుసగుసమంటే అటు.
"ఇది ముందే ఎండకు చచ్చిందబ్బా,
దీన్నేం బతికిస్తావు" అని
కొన్నిటిని అవతలికి విసిరేసేది.

ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ నిలవలేదంట.
నాలుగోదాన్ని చెత్తకుప్ప మీద పండబెట్టి,
చేటెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కొని,
ఆ పేరే పెట్టినారంట.
"చావుకు గూడా చెత్తంటే రోతే" అని నవ్వతాది.

ఈ పొద్దు ఏడో నంబరు విప్పాను.
ఒళ్ళంతా బూడిద.
క్లాంపు పట్టుకున్న చోట మాత్రం
రెండంగుళాల మేర
మొదటిరోజు గోధుమరంగు, అచ్చం అలాగే.

కుప్పమ్మ వంగి చూసింది.
గాజులు మోచేతి దాకా తోసి
మణికట్టు చాపింది.
గాజుల కింద సన్నటి చాయగీత,
దాని చుట్టూ యాభై ఏళ్ళ నలుపు.

"ఎండ దాన్ని తెల్లంగా చేసింది,
నన్ను నల్లంగా చేసింది.
ఇద్దరమూ ఇంకా ఇరగలే. రాసుకో."

రిమార్కుల గడి మరీ ఇరుకు.
ఇరగలే, అని రాశాను.
పలకను మళ్ళీ బిగించాను,
క్లాంపు అర అంగుళం పక్కకు జరిపి.