దుబాసి

ఆఫీసోళ్ళు నన్ను పిలిచింది జీపు తోలనీకి.
మాట తోలాల్సొచ్చింది.

వచ్చినోని పేరు జల్మయ్.
పెషావరు పక్క డేరాల్లో పుట్టి, డేరాల్లోనే గడ్డమొచ్చి,
ఇరవై ఆరేండ్లకు
ఎప్పుడూ చూడని సొంతూరికి తిరిగిపోయినోడు.
'తిరిగి' అనే మాట
వానికెట్ల పొసుగుతాదో నాకైతే తెలీలేదు.

వానిది డేరాల ఉర్దూ, నాది కదిరి ఉర్దూ.
నేను 'నక్కో' అన్నప్పుడల్లా
తల వంచుకొని నవ్వుకుంటాడు.
అయినా పామిడి చేరేలోపల
ఒకరి తప్పులు ఒకరికి అలవాటైనాయి.

పెన్న ఒడ్డున వన్నూరప్ప కాచుకొనుండాడు,
భుజాన సలికె, నోట్లో చుట్ట.
ఇసుక కింద ఊటను పట్టి
ఊరి మళ్ళకు తెచ్చిన కాలవ అది.
ఇరవై ఏండ్లు జాలికంప కింద పండుకొనింది.
ఆయప్ప, ఇంకా తొమ్మిదిమంది కలిసి
రెండు ఎండాకాలాల్లో లేపినారు.
అది చూసి నేర్చుకోమనే ఈ పిల్లోన్ని పంపిండేది.
వాళ్ళ కొండకింద కూడా ఇట్లాంటిదే ఒకటి
పూడిపోయి ఉందంట. కారేజ్ అంటారంట.

"నీళ్ళను మీరేమంటారు?"
వన్నూరప్ప అడిగితే అటు చెప్పినా.
"ఓబ" అన్యాడు జల్మయ్.
చుట్ట జారిపోయేటట్టు నవ్వినాడు ముసలాయన:
"మా ఊర్లో సగంమంది ఓబన్నలే గదరా నాయనా,
నీళ్ళే లేకపాయె!"
దీన్ని అటుపక్క దించనీకి పావుగంట పట్టింది.
దించినాక చూస్తే నవ్వు మిగల్లేదు.

మధ్యాన్నం సంగటి, ఊరిబిండి.
కారానికో దేనికో కండ్లు తుడుచుకొని
అప్పుడు విప్పినాడు అసలు మూట.
గోధుమలిచ్చినారు. దుప్పట్లిచ్చినారు.
నెత్తిన పట్ట, చేతిలో పేరు రాసిన కాగితం.
నలభై ఇండ్లోళ్ళం లారీల్లో దిగినాం.
ఊర్లో ఉండిపోయినోళ్ళు మాత్రం
బాంబులు పడేటప్పుడు మేముండాం,
మీరాడ రొట్టె తింటావుంటిరి,
ఇప్పుడొచ్చి నీళ్ళల్లో వంతా, అంటారు.
మా తాత చేను ఎండతావుంది.
వాళ్ళది అబద్ధమని కూడా అనలేను.

నేను తెలుగులో చెప్పేది అయిపోయినా
వన్నూరప్ప చానాసేపు తట్ట దిక్కే చూస్తావుండాడు.
"బెంగుళూర్లో పదకొండేండ్లు సిమెంటు మోసి వస్తి.
నా తోడబుట్టినోడే
గట్టుమీద కాలు పెట్టనీలే.
కరువులో నువ్వు యాడుంటివి, అన్యాడు.
ఏం చెప్తాం? లేనిమాట కాదు గదా."

జల్మయ్ నా మోచెయ్యి పట్టుకున్యాడు.
తర్వాత ఏం చేసినాడో అడగమని.

"వంతు అడగలే.
తెల్లారి సలికె తీసుకొని కాలవలో దిగితి,
వాని చేని దిక్కు పూడిక తీసేకి.
మూడు దినాలు గట్టుమీద కూర్చొని చూసినాడు.
నాలుగోనాడు బూతులు తిడతానే దిగినాడు,
నేను తవ్వేది వంకర పోతాందని.
ఆ తిట్టు చాలు నాకు.
ఇల్లు ఎనక కట్టుకోమను.
ముందు తిట్టేవాళ్ళను సంపాయించుకోమను."

పొద్దు వాలేదాకా ఇద్దరూ మోకాటి లోతు బురదలో.
ఒగడు "అట్ల గాదు" అంటాడు తెలుగులో,
ఇంకొగడు ఏదో అంటాడు పష్తోలో.
నాతో పనిలేక
నేను జీపు నీడన నిద్రపోయినా.

పొయ్యేనాడు సలికె ఇచ్చినాడు ముసలాయన,
కట్టె పీకేసి, ఇనుము మాత్రం, గోతాం గుడ్డలో చుట్టి.
"కట్టె ఆడి చెట్టుదే ఏసుకోమను."
బెంగుళూరు ఎయిర్‌పోర్టులో
దాన్ని పోనిచ్చినారో లేదో.

ఏడాది దాటింది. ఆ నెంబరు మోగదు.
సంతలో కనపడినప్పుడల్లా వన్నూరప్ప అడుగుతాడు,
"పిల్లోనికి నీళ్ళొచ్చినాయా?"
మొన్న తట్టుకోలేక
"చెమ్మొచ్చిందంట" అన్యా.
ఎవరూ అనని మాటను
మొదటిసారి ఇటుపక్క దించినా.

"చెమ్మొస్తే ఊటొస్తాది" అనుకుంటా
నాలుగడుగులేసి మళ్ళా ఎనక్కొచ్చినాడు:
"మొదటి తడి
ఎవురి చేనికి కట్టినారంట?"