కనిపెట్టింది

ఆరో తరగతి వాచకంలో ఆయమ్మ లేదు.
అరఠావు మీద నేనే రాసుకొచ్చిన పాఠం:
నాగలాపురం వేదవల్లి, శాస్త్రవేత్త.

కిటికీ అవతల మరమగ్గాలు
టకటకా టకటకా.
నగరిలో పాఠమంటే గొంతు పెంచాల్సిందే.
బెంచీల మీద ఇరవై ముగ్గురు,
ఇంట్లో అరవం, బళ్లో తెలుగు,
వీధిలో రెండూ కలిపిన చిత్రాన్నం.

"శాస్త్రవేత్త" అన్నాను.
"సాస్తిరవేత్త" అన్నారు.
ఒత్తుల దగ్గర నాలుకలు
గులకరాళ్ల మీద సైకిళ్లయినాయి.
పోనీలే, ఒత్తు రేపైనా పడతాది.

బోర్డు మీద రాసినాను:
వేదవల్లి కొండకు పోయింది.
ఎర్రచందనం గింజలు ఏరింది.
కుండల్లో నాటింది. కాచుకుంది.
మొలవలేదు.
మళ్లీ ఏరింది.

మూడో బెంచీలో ఎళిల్ లేచింది.
(ఆ పిల్ల పేరులోని ళ అసలు ళ కాదు,
దానికి నా దగ్గర అక్షరమే లేదు.
హాజరు పిలిచిన ప్రతి పొద్దూ
నాలుక మడిచి నాకు నేర్పి,
ఓడిపోయి కూర్చుంటాది.)
"టీచర్, ఆవు పోయింది. బస్సు పోయింది.
ఆయమ్మ కూడా పోయిందేనా?
మా ఇంట్లో ఆడమనిషికి వేరే మాట ఉండాది.
మీ తెలుగులో లేదా?"

సుద్దముక్క చేతిలోనే ఆగింది.
ఇరవై ఏండ్లుగా వ్యాకరణం చెప్తా ఉండాను.
మహతీ వాచకమని పేరైతే గొప్పగా పెట్టి,
క్రియ దగ్గరికొచ్చేసరికి
ఆవు పక్కనే కట్టేసినారని
ఏ పిల్లా అనలేదు. నాకూ తట్టలేదు.

"గౌరవంగా రాద్దామా?" అని తుడిచి,
కొండకు పోయారు, ఏరారు, నాటారు
అని దిద్దినాను.
వేదవల్లి ఉన్నట్టుండి
దండేసిన ఫొటో అయిపోయింది.
"ఎంతమంది టీచర్ వాళ్లు?" అన్నాడు
వెనక బెంచీ మాణిక్కం.

మళ్లీ తుడిచినాను.
చివరి వాక్యాలు చదవమన్నాను:
పదకొండో ఏడు, తడి గోనెపట్టా కింద
ఒక గింజ మొలిచింది.
ఎట్లా మొలిచిందో వేదవల్లి కనిపెట్టింది.

"కనిపెట్టడమంటే?"
ఎవరికీ తెలియనిది తెలుసుకోవడం, అంటా ఉండగానే
వంట ఆయా వాకిట్లోంచి కేకేసింది:
"రాగిజావ పొయ్యి మీదుండాది,
రవంత కనిపెట్టుకోమ్మా, నీళ్లకు పోయొస్తా!"
పిల్లలు నా మొహం చూసినారు.
నేను పొయ్యి దిక్కు చూసినాను.
పదకొండేండ్లు. పొంగిపోకుండా, మాడిపోకుండా.

గంట కొట్టినాక ఎళిల్ నోటుబుక్కు ఇచ్చింది.
వాన వచ్చింది.
గింజ మొలిచింది.
ఆయమ్మ చూసింది.
ఒకదాని కింద ఒకటి, మూడు ఇంది‌లు
ఒకే వరసలో, ఒకే ఎత్తులో.
ఒప్పుకుందో, సర్దుకుందో
అడగబోయి ఊరుకున్నాను.

పేజీ అడుగున
తన పేరులోని ఆ అక్షరం, అరవంలో,
అరచేతంత పెద్దదిగా గీసి పెట్టింది.
పక్కన వంకర తెలుగులో నాకొక మాట:
రేపటికి పదిసార్లు.