వెనకడుగు

మా తీరంలో పొద్దుగూకితే ఇసుకకి తల దువ్వేవాళ్లు.
సరిహద్దు సైనికులు గుర్రానికి పళ్ల దంతె కట్టి
నీటి అంచు పొడుగునా లాగించేవాళ్లు.
విత్తడానికి కాదు.
తెల్లారాక ఎవరి పాదమైనా మొలిచిందేమో
చూసుకోవడానికి.

అతని మొదటి పేజీలో ఉన్నదంతా అదే.
చేపల డబ్బాల ఫ్యాక్టరీ రశీదుల వెనక
పెన్సిల్‌తో రాసేవాడు తాలివాల్దిస్.
కాగితం నా ముక్కు దగ్గర పెట్టి
వాసన చూడు, అనేవాడు,
ఉప్పు తగలకపోతే మళ్లీ రాస్తా.

మాస్కోలో అయిదేళ్లు చదివొచ్చాడు.
వచ్చాక పదకొండేళ్లు
పాల దిగుబడి మీద, వలల మరమ్మతు మీద,
పంచవర్ష ప్రణాళికని మూడున్నరేళ్లలో మింగేసిన
ఒకానొక పడవ మీద
పదేసి నిమిషాల చిత్రాలు తీశాడు.
ఆవులు బాగా నటించాయని ఒక్కసారి మెచ్చుకున్నారు.
అన్నిటికీ నేనే ఎడిటర్ని. రీగా స్టూడియో మూడో అంతస్తు,
కిటికీ లేని గది, నా కత్తెర, అతని దగ్గు.

అరవై ఎనిమిదిలో సొంత కథకి అనుమతొచ్చింది.
చివరి దృశ్యం: ముసలావిడ చీకటితో తలుపు తీసి
దువ్విన ఇసుక మీంచి నీళ్ల దాకా నడుస్తుంది.
నిలబడుతుంది.
రెండు నిమిషాల నలభై సెకన్లు. ఎవరికోసమో కథ చెప్పదు.

నలభై నాలుగులో, అక్టోబర్ రాత్రి,
వాళ్లన్న ఎవాల్ద్స్ చేపల పడవలో గొత్లాండ్ వైపు పోయాడు.
పదమూడేళ్ల తమ్ముడు ఒడ్డున లాంతరు పట్టుకున్నాడు.
ఆర్పెయ్, అన్నారెవరో.
ఆర్పేశాడు.
ఆ తర్వాత ఏ షూటింగులోనూ అతనికి వెలుతురు చాలలేదు.

కమిటీలో అయిదుగురు. టీ, బిస్కెట్లు.
ఆ అడుగులు ఎటు పోతున్నాయి?
సముద్రం వైపు.
అది కనబడుతూనే ఉంది. తిరిగొచ్చే అడుగులేవి?
మన స్త్రీ ఇంటికి రావాలి కదా, కామ్రేడ్.
నాలుగు రోజులు గడువిచ్చారు. ఒక్క రీలు ఫిల్మిచ్చారు.

లీజెతె నటి కాదు, నలభై ఏళ్లు చేపలకి ఉప్పు పట్టించిన మనిషి.
అతను ఆమె భుజాలు పట్టుకుని
మొహం ఇంటివైపు తిప్పి
వెనక్కి నడువమ్మా, అన్నాడు, మోకాళ్లు తడిసేదాకా.
చూపు ఇంటికీ మడమలు సముద్రానికీనా, అందామె.
అవును.
మా వాళ్లు చాలామంది అట్లాగే పోయారులే, అని
నడిచింది.

ల్యాబులో ఆ ముక్కని
చివర నుంచి మొదటికి అచ్చు వేయించి అతికించాను.
తెర మీద ఆమె నీళ్లలోంచి ఇంటికొచ్చింది.
పాదం ఆనిన చోటల్లా జాడ చెరిగిపోయింది.
నడిచొచ్చిన దారంతా దువ్వినట్టే ఉంది.
ఇసుక శుభ్రంగా ఉందని కమిటీ రాతపూర్వకంగా సంతోషించింది.
అల మాత్రం
ఒడ్డున చెదిరిన నురగని ఏరుకుని,
ముద్ద చేసుకుని, లేచి నిలబడి,
లోపలికి పోతోంది.
వాళ్లు బిస్కెట్లు ముంచుకుంటున్నారు.

జాలర్ల క్లబ్బులో మొదటి ఆట.
చెక్క బెంచీలు, తడి కోట్లు.
చివరికొచ్చేసరికి ముందు వరసలో ఒకాయన టోపీ తీశాడు.
పక్కాయన తీశాడు. తర్వాత వెనక వరస.
అల ఎటు నడుస్తుందో వాళ్లకి ఒకరు చెప్పాలా.
ఎవరూ నోరు విప్పలేదు,
మా జిల్లాలో అది తాతలనాటి విద్య.

ఎవరు మోశారో, మాట మాస్కో చేరింది.
శిక్ష అనలేదు, ప్రస్తుతానికి పని లేదన్నారు.
ఆ ప్రస్తుతం ఇరవై రెండేళ్లు నడిచింది.
బొమ్మల సినిమాలకి మాటలు రాశాడు.
అగ్నిమాపక శాఖకి జాగ్రత్తలు రాశాడు.
ఒక ముళ్లపంది చేత రెండు నిజాలు పలికించాడు,
అందులో ఒకటి మిగిలింది.

దంతెలు ఆగిపోయిన వేసవిలో ఇద్దరం ఒడ్డుకెళ్లాం.
పిల్లలు, కుక్కలు, ఐస్‌క్రీము పుల్లలు.
ఇసుకంతా అడుగుల మీద అడుగులు.
కూర్పే లేదు ఇందులో, అని విసుక్కున్నాడు.
చాలాసేపు చూశాడు.

తర్వాత బూట్లు విప్పి నా చేతికిచ్చి
మొహం ఊరి వైపు పెట్టి
నెమ్మదిగా, అడుగు వెనక అడుగు.
నీళ్లు తగలగానే చలికి ఓ బూతు తిట్టాడు.
ఆగలేదు.

నా దగ్గర కత్తెర లేదు.
ఎక్కడ ఆపమనాలో తెలియక
బూట్లు పట్టుకుని నిలబడ్డాను.