ముప్పై ఏడో పేజీ

నా కొలతల పుస్తకంలో
మా సింగ్ నగర్ వీధి ఆడవాళ్ళంతా ఉంటారు.
ఛాతీ ముప్పై నాలుగు, చంక పదహారు,
వెనక మెడ లోతు తొమ్మిది, తాళ్ళు కావాలి.
ముప్పై ఏడో పేజీకి మాత్రం పేరు రాయలేదు.
పొడవు మూడుంపావు, వెడల్పు రెండుకి కాస్త తక్కువ.
అది నా కుడి ముంజేతి మీది తెల్లమచ్చ.

మొదట ఫోన్లోనే తీశాను ఫొటోలు,
ఆదివారం పొద్దున పదింటికి, అదే కిటికీ, అదే మూల.
ఫోను మాయదారిది.
మబ్బు పట్టిన రోజు తగ్గినట్టు చూపించి
ఎండ కాసిన రోజు పెంచేసేది.
వేళ్ళతో లాగి లాగి పెద్దది చేసుకుని
అర్ధరాత్రి దాకా నన్ను నేనే తవ్వుకునేదాన్ని.
పాతికేళ్ళుగా ఊరందరి ఒళ్ళూ కొలిచినదాన్ని,
నా చేతికి నేను టేపు పెట్టుకోలేనా?

మచ్చ మీద బటర్ పేపర్ పరిచి
ఎంబ్రాయిడరీ డిజైను దించినట్టే
అంచు వెంట పెన్సిల్ నడిపాను.
కింద రాశాను: జనవరి.

సూర్యారావుపేట డాక్టరమ్మ చెయ్యి తిప్పి చూసి
"మచ్చలో వెంట్రుకలు నల్లగానే ఉన్నాయి, రంగుకి దారుంది" అంది.
ఇంటికొచ్చి లెక్కపెట్టాను. పదకొండు.
గొరిగి పారేద్దామనుకున్న వెంట్రుకలే.

వారానికి రెండుసార్లు లైటు పెట్టెలో చెయ్యి.
ఇరవై సెకన్లు, ఇరవై ఐదు, నలభై.
ఆ నలభై సెకన్లకి ఆటో రానూపోనూ రెండొందలు,
అదీ రాశాను, మార్జిన్‌లో.
ఫిబ్రవరి: అంతే.
మార్చి: అంతే. దురద.
ఏప్రిల్: ఓ నూలు పెరిగిందా,
నా పెన్సిల్ మొద్దుబారిందా?

మేలో సామ్రాజ్యమ్మ పుస్తకం తిరగేస్తూ
ఆ కాగితం పైకెత్తి
"ఎవరిదే ఈ జాకెట్టు మెడ, ఇంత వంకర?" అంది.
నా పొడుగు చేతుల జాకెట్టు ఇంకాస్త కిందికి లాక్కుని
"ఒకావిడది. కొత్త మోడలు" అన్నాను.
"కుట్టాక చూపించు."

జూన్ ఇరవై మూడు.
సూదిలోకి దారం ఎక్కిస్తుంటే కనిపించింది,
తెలుపు నడుమ ఒక వెంట్రుక మొదట్లో
ఆవగింజ కాదు, ఆవగింజలో సగం, గోధుమరంగు.
మరకేమోనని తడిపి రుద్దాను.
పోలేదు.
పోనందుకు ఏడ్చాను.
మరక పోలేదని కదా జనం ఏడ్చేది!

జూలైలో నాలుగు చుక్కలు.
ఆగస్టులో తొమ్మిది.
ముగ్గుకి చుక్కలు పెట్టి
కలపడం మర్చిపోయి ఎవరో లోపలికెళ్ళినట్టు.

సెప్టెంబరు కాగితం లేదు.
బుడమేరు ఇంట్లోకి వచ్చింది.
మిషను మోటారు మునిగింది,
పెళ్ళివారి పదమూడు జాకెట్లు మునిగాయి.
పుస్తకం మాత్రం నెత్తిన పెట్టుకుని డాబా ఎక్కాను.
పడవలోంచి పాలప్యాకెట్ విసురుతుంటే
అందుకోవడానికి చెయ్యి చాచాను.
జాకెట్టు చేతులు మోచేతి పైకి మడిచి ఉన్నాయి,
ఎప్పుడు మడిచానో గుర్తులేదు.
పక్కనే సామ్రాజ్యమ్మ.
చుక్కల్ని చూసింది, నన్ను చూసింది.
"ఆ మెడ ఇదా" అంది.
తర్వాత ప్యాకెట్ పంటితో చింపి
ముందు నాకే పట్టింది.

అక్టోబరు నుంచి మళ్ళీ రాస్తున్నాను.
కాగితాలన్నీ ఒకదాని మీదొకటి పెట్టి
ట్యూబులైటుకి ఎత్తి చూస్తే
పది గీతలు, ఒకదానితో ఒకటి కలవవు.
పై అంచు లోపలికొచ్చింది.
కింది అంచు మొండికేసి అక్కడే కూచుంది.
మోచేతి దగ్గర కొత్తది లేచింది, శనగగింజంత.
"మొత్తం మీద బాగుంది" అంటుంది డాక్టరమ్మ.
మొత్తం అంటే ఎంతో నాకు తెలీదు.
నేను అంగుళాల మనిషిని.

నిన్న సామ్రాజ్యమ్మ కొలతలివ్వడానికొచ్చింది.
నడుం రెండంగుళాలు పెరిగింది.
పాత అంకె కొట్టేయబోతే
"ఉండనీ, పక్కన రాయి" అంది.
తర్వాత నా చెయ్యి లాక్కుని
చూపుడువేలితో చుక్కలు లెక్కపెట్టింది.
నా లెక్కకి పదిహేడు,
ఆవిడ లెక్కకి ఇరవై.
ఆవిడకి చత్వారం, అద్దాలు పెట్టుకోదు.
అయినా ఇరవై అనే రాశాను,
పెన్సిల్‌తో.